కుడి వైపు పెట్టాల్సిన పతకాలు

తమ్ముడు మెర్విన్ కోటు చూడగానే నోలీన్‌కు ఒళ్ళు మండిపోయింది. తాత పతకాలు మూడూ ఎడమ రొమ్ము మీద వేలాడుతున్నాయి. యుద్ధానికి స్వయంగా వెళ్ళొచ్చినవాళ్ళే ఎడమ వైపు పెట్టుకుంటారు. వాళ్ళ పిల్లలూ మనవలూ పెట్టుకుంటే కుడి వైపు. క్రైస్ట్‌చర్చ్‌లో బడికెళ్ళే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారం చేస్తూ ఊరందరికీ తెలివితేటలు నూరిపోసే మెర్విన్‌కు మాత్రం తెలియదు.

ఏప్రిల్ ఇరవై ఐదు, యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకుంటూ పాత సిపాయిలు కవాతు చేసే రోజు. ఊరి నడిబొడ్డున ఏవన్ నది మీది స్మారక వంతెన దగ్గర జనం కిక్కిరిశారు. ఒకప్పుడు పటాలాలు ఇక్కడే నది దాటి రైలెక్కాయి. తిరిగిరానివాళ్ళ కోసం ఆ తర్వాత ఈ రాతి తోరణం కట్టారు. మిగతా రోజుల్లో దీని పక్కన కూర్చుని చిప్స్ తిని కాగితాలు పారేసేవాళ్ళంతా ఈ ఒక్క పూటా గుండె మీద చెయ్యేసుకుని నిలబడతారు. నగర పెద్దలైతే అమరుల గుర్తుగా కోటుకు గుచ్చుకున్న ఎర్ర కాగితం పువ్వు కెమెరాకు కనబడుతోందో లేదోనని మాటిమాటికీ సర్దుకుంటున్నారు. ఏమి భక్తి, ఏమి భక్తి!

ఇంకో రోజైతే నోలీన్ తమ్ముణ్ణి అక్కడే కడిగేసేది. ఇవాళ ఆమె దిగులంతా పక్కనున్న మొగుడి గురించే. క్లైవ్ వియత్నాం వెళ్ళి వచ్చినవాడు. అతను వచ్చిన రోజున బ్యాండు లేదు, దండ లేదు. ఆ యుద్ధమంటే జనానికి గిట్టదని, యూనిఫారం విప్పేసి మామూలు బట్టల్లో ఇంటికి పొమ్మన్నారు. అప్పటినుంచీ ఈ వంతెన ఛాయలకు రాలేదు. మొన్న జనవరిలో అతని దళంలో మిగిలిన ఆఖరి స్నేహితుడు పోయాడు. పూడ్చిపెట్టి వస్తూ, ఈసారి వాడి బదులు వంతెన దాటుతానన్నాడు. ఆ మాట నిలబెట్టుకోకుండా వెనక్కి తిరిగితే ఈ జన్మలో మళ్ళీ రాడని నోలీన్‌కు తెలుసు.

పొద్దున్న ఆమె అతని పతకాలను మేజోళ్ళ సొరుగులోంచి తీసి, తుడిచి బల్ల మీద పెట్టింది. టీ పెట్టి వచ్చేసరికి బల్ల ఖాళీ. మళ్ళీ సొరుగులో కుక్కేశాడన్నమాట. పోనీ, మనిషి వస్తే చాలనుకుంది.

ఇంతలో టీవీ అమ్మాయి మైకు పట్టుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. మెర్విన్ ఛాతీ చూసి, ఏ యుద్ధంలో పనిచేశారండీ అని ఎంతో మర్యాదగా అడిగింది. ఇవి తాత పతకాలని చెప్తే సరిపోయేది. మెర్విన్ కెమెరా వైపు తిరిగి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"వియత్నామమ్మా. ఆ రోజులు తలుచుకోవడం కష్టం."

ఆ పతకాల మీద ఉన్నది నూరేళ్ళ కిందటి రాజుగారి బొమ్మ.

క్లైవ్ గిరుక్కున తిరిగి కార్లున్న వైపు నడిచాడు. అయిపోయిందనుకుంది నోలీన్. ఈ బడాయికోరు గాడిద మూలాన యాభై ఏళ్ళకు బయటికొచ్చిన మనిషి మళ్ళీ సొరుగులోకి పోతున్నాడు.

నాలుగడుగులు వేసి క్లైవ్ ఆగాడు. వెనక్కి వచ్చి బావమరిది ఎదురుగా నిలబడ్డాడు.

"ఏ సంవత్సరంరా, మెర్విన్?"

"అబ్బ, ఏదో టీవీ కదాని అన్నాను బావా."

కెమెరా చూస్తుండగానే క్లైవ్ బావమరిది కోటు మీది పతకాలు ఊడదీసి, జాగ్రత్తగా కుడి వైపు గుచ్చాడు.

"మీ తాతవి ఇక్కడుండాలి."

మెర్విన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. క్లైవ్ జేబులోంచి పిడికిలి తీసి భార్య ముందు తెరిచాడు. పొద్దున్న బల్ల మీద పెట్టినవే. అరచేతిలో పిన్నుల అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి.

"ఇవి నావి. నువ్వు పెట్టు."

ఏ వైపని నోలీన్ అడగలేదు. కళ్ళు మసకబారి ఒక పిన్ను వేలికే గుచ్చుకుంది.

డ్రమ్ములు మొదలయ్యాయి. క్లైవ్ వెళ్ళి ముసలి సిపాయిల వరసలో కలిశాడు. మెర్విన్ కెమెరా ఎక్కడుందా అని చూశాడు. అది క్లైవ్ వెంట వంతెన దాటుతోంది.