ఆరున్నొకటి

మంగరాజు ఆ తెల్లవారి మూడోసారి పడవ తోడుతున్నాడు. అడుగున నీళ్ళు దోసెడు కూడా లేవు. అయినా సగానికి కోసిన నూనె డబ్బాతో పలకల సందులన్నీ గీకి పారబోశాడు. తర్వాత గోనెపట్టాతో తుడిచాడు. పిల్లలు కూర్చునే పలక మీద ఉతికిన దుప్పటి నాలుగు మడతలు పెట్టి పరిచి, వంగి వాసన చూశాడు.

"చేపల వాసనేమన్నా వస్తందా?" అని ఒడ్డున నిలబడ్డ భార్య బంగారమ్మని అడిగాడు.

"నువ్వు చేపల్ని ఎప్పుడెక్కించేవు మావా? ఎక్కించేదంతా మనుషుల్నే కదా," అని ఆవిడ నవ్వింది.

నిజమే. కాట్రేనికోన దాటి, రొయ్యల చెరువులు దాటి, గోదావరి పాయ సముద్రంలో కలవబోయే చోట ఉంది ఆ రేవు. ఇవతల ఊరు, అవతల తొంభై గడపల లంక. లంకలో బడి లేదు, ఆసుపత్రి లేదు, చివరికి బీడీ కట్ట దొరికే బడ్డీ కూడా లేదు. ఉన్నదల్లా కొబ్బరి, సరుగుడు తోపులు, మంగరాజు పడవ. ముప్పై నాలుగేళ్ళుగా లంక పిల్లలు బడికి వచ్చినా, లంక పెళ్ళికూతుళ్ళు అత్తారింటికి వెళ్ళినా ఆ గెడ పోటు మీదే.

మనిషి పొట్టి. అరవై రెండేళ్ళ వయసుకి జుట్టు నెరిసింది గానీ నడుం వంగలేదు. అరచేతులు ఎంత కాయలు కాశాయంటే, పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకుని "చల్లారిపోయిందే" అనేవాడు. పడవ చెక్క మీద నిలదొక్కుకుని నిలదొక్కుకుని కాలివేళ్ళు దేనికదిగా విడిపోయాయి. అల్లుడు ముచ్చటపడి రెండుసార్లు చెప్పులు కొనిచ్చాడు. ఏ చెప్పులోనూ ఆ పాదం ఇమడలేదు. మూడు నిలువుల పొడవున్న వెదురు గెడకి కూడా ఆయన చేతులు పట్టే రెండు చోట్లా కణుపులు అరిగి, నూనె రాసినట్టు నున్నబడ్డాయి.

ఆయనకి ఒకే ఒక్క గర్వం. ఇవతల ఎంతమంది ఎక్కారో అవతల అంతమందీ దిగారు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కనాడూ లెక్క తప్పలేదు. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి పైకే లెక్కపెట్టేవాడు. అదీ రేవు పద్ధతిలో. ధాన్యం కొలిచేవాళ్ళు అన్నట్టే ఒకటికి బదులు 'లాభం' అంటాడు. ఆరు తర్వాత ఏడు అనడు. ఏడు అంటే ఏడవమన్నట్టని ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళందరి భయం. అందుకని 'ఆరున్నొకటి' అని ఎనిమిదికి వెళ్ళిపోతాడు. బళ్ళో ఎక్కాలు నేర్చుకునే లంక పిల్లలు కూడా పడవలో మాత్రం ఆరున్నొకటే అనేవారు.

ఒక్కసారి మాత్రం లెక్క తేడా వచ్చింది. లంకలో ఉండే రమణబాబు భార్యకి నొప్పులొస్తే హడావిడిగా ఎక్కించారు. నడిపాయలోనే ఆవిడ ప్రసవించింది. ఆరుగురు ఎక్కితే ఆరున్నొక్కరు దిగారు. "పెరిగిందండి, తరగలేదు," అని ఆ మాట మంగరాజు ఇప్పటికీ కొత్తగా చెప్పినట్టు చెప్పుకుంటాడు. విన్నవాళ్ళు కూడా కొత్తగా విన్నట్టే వింటారు. అంతమాత్రం మర్యాద ఆ ఊళ్ళో ఉంది.

ఊరందరినీ దాటించిన ఈ పెద్దమనిషి సొంత మనవల్ని మాత్రం ఇంతవరకూ పడవెక్కించలేదు. ఎక్కించకూడదని షరతు. కూతురు వీరదుర్గని కొత్తపేటలో ఇచ్చారు. అల్లుడు ప్రకాష్‌కి మోటారు సైకిళ్ళ మరమ్మతు షెడ్డు ఉంది. వాళ్ళమ్మ కనకరత్నం పుట్టిందీ మెట్టిందీ సముద్రపొడ్డునే. ప్రకాష్‌కి ఎనిమిదేళ్ళప్పుడు ఆవిడ భర్త పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లాణ్ణి వెంటేసుకుని నీళ్ళు కనపడని వీధి వెతుక్కుని కొత్తపేట చేరి, ఇడ్లీ బండి పెట్టుకుని పెంచింది. పెళ్ళిచూపుల్లో ఆవిడ అడిగింది ఒక్కటే: "మాకేమీ ఇవ్వకండి అన్నయ్యగారూ. పుట్టే పిల్లల్ని పడవ మాత్రం ఎక్కించకండి." ఆయన తలూపాడు. ఊపిన తలని ఏడేళ్ళుగా కాపాడుకుంటూ వస్తున్నాడు.

ఇప్పుడు కార్తీకం. లంకలో ఉసిరి చెట్టు కింద వనభోజనం పెట్టుకుందామని దుర్గ పట్టుబట్టి అందరినీ తీసుకొచ్చింది. చివరికి రాజీ కుదిరింది. పెద్దవాళ్ళు లంకకి వెళతారు, కనకరత్నం పిల్లలిద్దరితో ఇవతలి ఒడ్డునే కూర్చుంటుంది. అంతేనని తెలిసినా మంగరాజు మాత్రం పడవని మూడుసార్లు తోడాడు, దుప్పటి నాలుగు మడతలు పెట్టాడు. ఆశకి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

తొమ్మిదింటికి అంతా రేవుకొచ్చారు. ముందు బంగారమ్మ చెల్లెలు పోలమ్మ, నెత్తిన పులిహోర గిన్నె, చంకలో కందబచ్చలి కూర, చేతిలో మజ్జిగ క్యాను. వెనక ప్రకాష్, దుర్గ. వాళ్ళ వెనక ఆరేళ్ళ భవాని, నాలుగేళ్ళ ఉదయ్. ఇద్దరినీ చెరో చేత్తో గట్టిగా పట్టుకుని కనకరత్నం. ఆవిడ నీళ్ళకి పదడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"ఇదేనా తాతయ్యా నీ పడవ?" అని భవాని అరిచింది.

"ఆయ్, ఇదేనమ్మా."

"మేం ఎందుకెక్కకూడదూ?"

మంగరాజు గెడ చేతిలోకి తీసుకున్నాడు. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. డబ్బాతో తోడీ తోడీ పట్టేసిందనుకున్నాడు. బంగారమ్మతో కలిపి నలుగురూ సర్దుకుని కూర్చున్నాక అలవాటుగా చెయ్యి చాపి లెక్కపెట్టాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు."

ఒడ్డున కనకరత్నం ఉలిక్కిపడింది. ఆ మాట ఆవిడ విని ఇరవై రెండేళ్ళయింది.

"అన్నయ్యగారూ, ఏడుకొస్తే ఏమంటారండి?"

"ఆరున్నొకటంటానమ్మా. ఈ రేవులో ఆ మాట నేనెప్పుడూ అన్లేదు."

ఆవిడ ముఖం పాలిపోయింది. పిల్లల చేతులు వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంగరాజు గెడ గుచ్చి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. పడవలో వాళ్ళకి వినపడకుండా ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"మావారు ఎక్కిన రోజు ఎవరో కేకేసి అడిగేరండి, ఎంతమంది ఎల్తన్నారని. ఏడుగురని నేనే అన్నానండి. అనకూడదని తెలుసు. పొయ్యి మీద అన్నం మాడతందని తొందర్లో అనేసేను. ఏడుగురిలో ఒక్కరూ రాలేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదండి, నా కొడుక్కి కూడా."

మంగరాజుకి గుండె తరుక్కుపోయింది. నీళ్ళని చూసి భయపడుతోందనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఈ మనిషి భయపడింది తన నోటిని చూసి.

"చెల్లెమ్మా, ఏడన్నందుకు గోదారి ఎవర్నీ తీసుకుపోదు. గాలి లెగిస్తే తీసుకుపోద్ది, పడవకి కన్నం పడితే తీసుకుపోద్ది, సరంగు ఏమరిస్తే తీసుకుపోద్ది. ఆరున్నొకటనేది మా భయానికి మేం కట్టుకున్న తాయెత్తు, అంతే. ఇందులో నీ తప్పు ఆవగింజంత లేదు."

"మీరు చెబుతారండి. అనమంటే మీరు మాత్రం అంటారా?"

అది మంగరాజు ముప్పై నాలుగేళ్ళు నోరు కట్టుకున్న మాట. నమ్మకం కాదని తాయెత్తని ఒడ్డున నిలబడి చెప్పడం తేలిక. సొంత మనవలు కూర్చున్న పడవలో అనడం వేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"పిల్లల్నిచ్చి నువ్వూ ఎక్కి చూడమ్మా," అన్నాడు.

కనకరత్నం ఉదయ్‌ని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. భవాని పిలవకుండానే ఉరికింది. చివరికి ఆవిడే చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని పడవలో కాలు పెట్టింది. ప్రకాష్ నోరు తెరుచుకుని తల్లిని చూస్తూ ఉండిపోయాడు.

మంగరాజు వెనక పలకెక్కి మళ్ళీ మొదలుపెట్టాడు. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు." కనకరత్నం ముఖంలోకి సూటిగా చూసి, అవతలి ఒడ్డుకి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు. "ఏడు!"

"ఓలమ్మో, బావగారూ!" అని పోలమ్మ నెత్తి కొట్టుకుంది. కనకరత్నం కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. ఆవిడ వాటిని తుడుచుకోలేదు.

పాయ ఆ రోజు అద్దంలా ఉంది. అయినా మంగరాజు ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నడిపాడు. కలెక్టరుగారిని దాటించినప్పుడు కూడా అంత మెత్తగా గెడ వెయ్యలేదు. నడిపాయలో భవాని లేచి ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చి, ఆయన రెండు చేతుల మధ్య తన చేతులు పెట్టి గెడ పట్టుకుంది.

"తాతయ్యా, నువ్వు తప్పు లెక్కపెట్టేవు. ఏడు కాదు, ఎనిమిది. నిన్ను లెక్కపెట్టుకోలేదు."

"సరంగు లెక్కలోకి రాడమ్మా. సరంగు పడవ లెక్క."

"మా టీచరైతే అందర్నీ లెక్కపెట్టాలంది. నీతో ఎనిమిది."

ముప్పై నాలుగేళ్ళలో ఆయన్ని ఎవరూ లెక్కలో కలపలేదు. కలపాలని ఆయనకీ తోచలేదు. ఆరేళ్ళ పిల్ల కలిపేసింది. మంగరాజు ఛాతీ ఉప్పొంగింది. "సరేనమ్మా, ఎనిమిది," అన్నాడు. వియ్యపురాలు ఉందని కూడా చూడకుండా పెద్దగా నవ్వాడు.

లంకలో మధ్యాహ్నం ఎలా గడిచిందో ఆయనకి తెలియలేదు. ఉసిరి చెట్టు కింద అరిటాకుల్లో తిన్నారు. ఎదురొచ్చిన ప్రతివాడినీ ఆపి, "మా మనవరాలండి, మా మనవడండి, నా పడవలోనే వచ్చేరు," అని చెప్పాడు. ఆయన పడవలో కాక ఇంకెలా వస్తారని ఎవరూ అడగలేదు. కనకరత్నం ఇసకలో కూర్చుని ఉదయ్‌కి గవ్వలు ఏరి ఇచ్చింది. చాలాసేపు సముద్రంకేసి చూసింది. మళ్ళీ పడవెక్కేటప్పుడు మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

తిరిగి వచ్చేటప్పటికి పాటు. నీరు తీసి రేవులో బురద తేలింది. పిల్లలు దిగేటప్పుడు పడవ కదలకూడదని మంగరాజు గెడని రెండు చేతులా ఎత్తి, ఒళ్ళంతా బరువు పెట్టి బురదలోకి దించాడు. తాడు దానికే చుట్టి ముడేశాడు. ప్రకాష్ పిల్లల్ని దించాడు. ఆడవాళ్ళు గిన్నెలతో దిగారు. మంగరాజు ఒక్కొక్కరినీ చూపుతో లెక్కపెట్టుకుని, చివరి మనిషి పాదం పొడినేల మీద పడ్డాక, అమ్మయ్య అనుకుంటూ పలక మీద పిల్లల దుప్పటిని ఆనుకుని కూర్చున్నాడు.

గట్టు మీద భవాని అందరి చుట్టూ తిరుగుతూ వేలు పెట్టి లెక్కపెడుతోంది. "లాభం, రెండు, మూడు..." చివరికి తన గుండె మీద వేలు పెట్టుకుని, "ఏడు," అంది. మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. మళ్ళీ ఏడే వచ్చింది.

"నాన్నమ్మా, ఒకటి తగ్గింది. తాతయ్య దిగలేదు."

కనకరత్నం వెనక్కి తిరిగి చూసింది. మంగరాజు గట్టుకేసే చూస్తూ, నవ్వడం పూర్తి చెయ్యని ముఖంతో కూర్చుని ఉన్నాడు. "మావా," అని బంగారమ్మ ఒకసారి పిలిచింది. రెండోసారి పిలుస్తూ బురదలోకి పరిగెత్తింది.

పోలమ్మ నోట్లో నువ్వు గింజ నానదు. మంగరాజు పడవలో ఏడన్నాడని తెల్లవారేసరికి ఊరంతటికీ తెలిసిపోయింది. లంక నుంచి, ఊరి నుంచి, చెరువు గట్ల నుంచి ఆఖరి చూపుకి వచ్చిన జనం వాకిట్లో పట్టలేదు. వాళ్ళలో ఆయన దాటించని మనిషి లేడు. నడిపాయలో పుట్టిన రమణబాబు కొడుకు, గడ్డాలూ మీసాలూ వచ్చినవాడు, గుమ్మం పక్కన నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆడవాళ్ళలో ఎవరో గుసగుసగా, "ఎప్పుడూ అననివాడు ఏడన్నాడంట. అంటే ఊరుకుంటదా మరి," అన్నారు.

బంగారమ్మని పట్టుకుని కూర్చున్న కనకరత్నం లేచి నిలబడింది. కొత్తపేట నుంచి వచ్చిన ఆ మనిషి గొంతు అంత పెద్దదని అప్పటిదాకా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"అన్నారండి. నా కోసమే అన్నారు. ఏడుగురం ఎక్కేం, ఏడుగురం దిగేం. ఇక్కడే ఉన్నాం, కావాలంటే లెక్కెట్టుకోండి. మా అన్నయ్యగారి లెక్క ఏనాడూ తప్పలేదు."

భవాని వచ్చి ఆవిడ కొంగు లాగింది. "తాతయ్యతో ఎనిమిది కదా నాన్నమ్మా?"

"ఎనిమిదేనే తల్లీ," అంది కనకరత్నం. పిల్లని ఎత్తుకుని భుజానికి అదుముకుంది.

పడవని అల్లుడూ రమణబాబూ కలిసి గట్టుకి లాగి బోర్లించారు. గెడని మాత్రం ఎవరూ పీకలేదు. పోటు వచ్చినప్పుడు సగందాకా మునుగుతూ, పాటుకి తేలుతూ అది రేవులో ఆయన దించినచోటే నిలబడి ఉంది. చేతులు పట్టీ పట్టీ అరిగిన ఆ రెండు చోట్లా నీటికి పైన నున్నగా ఎండ పడుతోంది.