గోరువెచ్చని గిన్నె

అయినా చేతులకు గ్లౌజులు వేసుకోవాలని ఎందుకు తోచలేదో, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పళ్ళ డాక్టరమ్మ పక్కన నిలబడి పరాయివాళ్ళ నోళ్ళలో వేళ్ళు పెట్టే మనిషికి సొంత వంటగదిలో ఆ ఊహే రాకపోవడం ఏమిటో అనుకుంటూ ఆమె మళ్ళీ సబ్బు అందుకుంది, ఎంత తోమినా గోళ్ళ సందున ఆ జిడ్డు పోవడం లేదు, జిడ్డు పోయిందనుకుంటే వాసన పోవడం లేదు, పొద్దున ప్యాకెట్ కత్తిరించగానే ఒకదాన్నొకటి కరుచుకుని తడితడిగా జారిన ఆ బేకన్ ముక్కలు, ఓ చార ఎర్రటి మాంసం, ఓ చార తెల్లటి కొవ్వు, విడదీస్తుంటే జిగురుగా సాగడం, ఛీ, గార పట్టిన పళ్ళు గీకేటప్పుడు లేని రోత, చీము పట్టిన చిగుళ్ళు తుడిచేటప్పుడు లేని రోత, ఇంత పంది మాంసం దగ్గర ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తుందో, అక్కడైతే నోరు తెరిచి పడుకున్న మనిషికి ముందే చెబుతారు, నొప్పి పుడితే చెయ్యెత్తండి, ఆపేస్తాం అని, ఇక్కడ తను చెయ్యెత్తితే చూసేదెవరు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ తొక్కకుండా ఉండటం తన చేతిలో ఉంటే కదా, ఇది అత్తగారి వంటకం, ఆదివారం ఆవిడ భోజనానికి వస్తోందంటే సన్నటి వేడి మీద గంటల తరబడి వండే కరెంటు స్లో కుక్కర్‌లో ఈ బీన్స్ ఉడికి తీరాలి, పెళ్ళయిన కొత్తలో తను మొదలుపెట్టింది, ఇప్పటిదాకా ఒక్క పలుకు నోట్లో వేసుకుని ఎరగదు, ఉప్పు కంటితోనే కొలుస్తుంది, తిన్నవాళ్ళు మాత్రం వేళ్ళు నాక్కుంటారు, ఆ నాకుడు చప్పుడొకటి మళ్ళీ.

నాకుడంటే ఆయనదే నాకుడు, భర్తగారు వంటగదిలోకి వచ్చాడంటే గరిటె నాకి మళ్ళీ గిన్నెలోనే పెడతాడు, చెబితే నవ్వుతాడు, మనింట్లో మనకేంటి అంటాడు, ఆ నవ్వే పొద్దున కూడా నవ్వాడు, ముందుగదిలో తల్లితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, తనిక్కడ బీన్స్ కొనలు తుంచి నారలు లాగుతోంది, అది ఎక్కడికీ వెళ్ళదులే అమ్మా, నేను చూసుకున్నాలే అని వినబడింది, ఏం చూసుకున్నాడట, ఎవరిని అడిగి చూసుకున్నాడట, డాక్టరమ్మ పక్క ఊళ్ళో కొత్త క్లినిక్ తెరుస్తోంది, పరికరాల గది, ఇద్దరు నర్సులు, మందుల అల్మరా అన్నీ నీ చేతిలో పెడతాను, పనిరోజుల్లో అక్కడే ఉండాలి, ఆదివారం సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పు, నువ్వు చెప్పకపోతే వేరేవాళ్ళను పెట్టుకోక తప్పదు అంది, ఆ ఆదివారం ఇదే, ఆ మాట ఇంట్లో చెప్పిన రోజున ఆయన ఔననలేదు, కాదనలేదు, చూద్దాం అన్నాడు, అంతకు ముందు క్లినిక్ పనికే పనికొచ్చే కోర్సు ఒకటి చదువుతానన్నప్పుడూ చూద్దాం అన్నాడు, ఈ యేడు వద్దులే, వచ్చే యేడు చూద్దాం, వచ్చే యేడు వచ్చింది, వెళ్ళింది, నాన్చడంలో ఆయన్ని మించినవాడు లేడు, అదిగో, ఫోన్ పెట్టేసి తలుపు దగ్గర తనను చూసి నవ్వాడు, విన్నావా అని కూడా అడగలేదు, మరి తను, సగం వేగిన ఆ ముక్కల్ని బీన్స్ మీద పరిచి, ఉల్లిపాయ చక్రాలు వేసి, ఎముకల చారు పోసి, మీట ‘లో’ మీద, సన్న వేడికి పెట్టి, మూత వేసి, స్నానానికి వెళ్ళిపోయింది, మింగలేక కక్కలేక, ఛీ, రోత అంటే అదీ.

వాసన ఏదీ మరి, ఈపాటికి ఇల్లంతా కమ్ముకోవాలి, పొగ, పంది కొవ్వు, ఉల్లిపాయ కలిసిన ఆ వాసన కర్టెన్లకు పట్టుకుని బుధవారం దాకా వదలదు, ఇవాళ ముక్కు దగ్గరికే రావడం లేదు, ముందుగదిలో అత్తగారు వచ్చి కూర్చుని కూడా కాసేపైంది, చెప్పులు విప్పిన చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు, కట్టుడు పళ్ళు ఒకసారి సర్దుకున్న చప్పుడు, ఆ పళ్ళ అచ్చు తీసినప్పుడు ఆవిడ నోరు పట్టుకున్నది తనే, అప్పుడూ రోత పుట్టలేదు పాపం, ముసలి నోరు, శుభ్రమైన నోరు, ఆవిడ ఒకప్పుడు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గుండిగలకు గుండిగలు వండింది, మూత తీశావో వంట చెడినట్టే అని మొదటిరోజే చెప్పింది, ఎత్తిన ప్రతిసారీ ఆవిరంతా పోయి వంట మొదటికొస్తుందట, అందుకే తను ఎన్నడూ తియ్యదు, కుక్కర్ మీది ఎర్రదీపం వెలుగుతోందా లేదా అని చూస్తుంది, వెలుగుతుంటే సరే, దీపం వెలుగుతోంది కాబట్టి లోపల ఉడుకుతోంది, ఇవాళ కూడా దీపం వెలుగుతూనే ఉంది, అయినా వాసన లేదు, గిన్నె పక్కన చెయ్యి పెడితే కాలడం లేదు, పసిపిల్లల స్నానానికి పెట్టిన నీళ్ళలా ఉంది, ఏమైతే అయిందని మూత తీసింది.

అబ్బా, పైన తెల్లగా తేలిన మీగడ లాంటి కొవ్వు పొర, అందులో ఇరుక్కుపోయిన ఉల్లి చక్రం, మూత అంచునుంచి నీటిబొట్లు జారి ఆ పొర మీద పడి గుంటలు చేస్తున్నాయి, కింద బీన్స్ పొద్దున తుంచినప్పటి లాగే బిర్రుగా, మాంసం మాత్రం పాలిపోయి, మెత్తబడి, నానిన బ్యాండేజీలాగా, ఉడికిందనడానికి లేదు, పచ్చిదనడానికి లేదు, మీట చూసింది, ‘లో’ మీద లేదు, ‘వార్మ్’ మీద ఉంది, వండిన కూరను వేడిగా ఉంచే మీట అది, దాని మీద వంట కాదు, తను పెట్టలేదు, ఒట్టు, ‘లో’ మీద పెట్టిన వేలు గుర్తుంది. వెనకనుంచి ఆయన వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు, ఓ అదా, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నేనే తిప్పానులే, పొద్దుణ్ణుంచి పెడితే మాడిపోదూ, నీ మంచికే తిప్పాను అన్నాడు, చెప్పొచ్చు కదా అంటే చెప్పడానికేముంది, నేను చూసుకున్నాలే అన్నాడు, అదే మాట, పొద్దున ఫోన్‌లో అన్నది అక్షరం మారకుండా అదే మాట, అంటూనే రెండు వేళ్ళు గిన్నెలో ముంచి ఓ బీన్ తీసి కొరికాడు, కరకరమంది, మొహం చిట్లించి, కొరకగా మిగిలిన ముక్కను మళ్ళీ గిన్నెలోనే పడేశాడు, ఎంగిలి ముక్క ఆ తెల్లటి పొర మీద పడి, మునగక, అలాగే ఉంది, ఏముంది, హై మీద పెట్టు, మళ్ళీ వేడిచేస్తే సరిపోతుంది అన్నాడు. సరిపోతుందట, అన్నీ మళ్ళీ వేడిచేస్తే సరిపోతాయి ఈయనకి, కోర్సు వచ్చే యేడు, క్లినిక్ ఇంకో క్లినిక్, పెళ్ళాం ఎక్కడికి పోతుంది, ఆ పెదవి చివర కొవ్వు మెరుస్తోంది, తుడుచుకోడు, ఈ పెదవి పక్కనే ఇన్నేళ్ళు దిండు వేసుకుని పడుకుందా తను, ఎలా పడుకుంది.

అత్తగారు ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది, గిన్నె మీదికి వంగింది, ముక్కు ఒక్కసారి ఎగబీల్చింది, కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది, పారెయ్యమ్మా అంది, అంతే, సంజాయిషీ అడగలేదు, వంకా పెట్టలేదు, అదేంటమ్మా అంత మాంసం, మరిగిస్తే పోలా అని ఆయన అంటుంటే నువ్వు తింటే తిను, నాకు పెట్టకు, మా క్యాంటీన్‌లో ఇలాంటి గిన్నె ఒకటి ఒక షిఫ్టు మొత్తాన్ని మంచమెక్కించింది అని గొణిగింది, కోడలికి క్లినిక్‌లో పరికరాల గది కళ్ళ ముందు కదిలింది, కొత్తగా చేరినవాళ్ళకు తను మొదట చెప్పేది అదే, మరిగే ఆవిరిలో పెట్టండి, లేదా ఆరబెట్టి చల్లటి పెట్టెలో పెట్టండి, గోరువెచ్చటి నీళ్ళలో మాత్రం వదిలెయ్యకండి, పురుగు పుట్టేది అక్కడే, ఒకసారి పుట్టాక మరిగించినా దాని విషం పోదు, నోరు నొప్పెట్టేలా ఎంతమందికి చెప్పిందో, ఇంటికొచ్చి మాత్రం దీపం చూసుకుంటూ కూర్చుంది.

గిన్నెను రెండు చేతులా ఎత్తింది, బరువుగానే ఉంది, చెత్తబుట్ట కాలితో తెరిచి వంచితే మొదట ఆ పొర ముద్దగా జారింది, తర్వాత ముక్కలు, తర్వాత బీన్స్, చివర ఆ ఎంగిలి ముక్క అడుగుకు అంటుకుంటే గరిటెతో గీకి అదీ పారేసింది, సంచి మూతి ముడివేసింది, ఆయన అయ్యయ్యో అంటూ ఏదో అంటున్నాడు, అత్తగారు అవేవీ పట్టించుకోకుండా, అవునూ, కొత్త క్లినిక్‌కి నువ్వు వెళ్ళడంలేదని వీడన్నాడు, నిజమేనా అని అడిగింది, ఈ ఇంట్లో ఆ ప్రశ్న తనను అడిగిన మొదటి మనిషి, వెళ్తున్నాను అత్తయ్యా అంది, చూద్దాంలే అని ఆయన మొదలుపెట్టాడు, చూడటం అయిపోయిందండి అంది, అత్తగారు కొడుకు వంక చూడలేదు, మరి ఇప్పుడు తినడానికి ఏముంది అంది, గుడ్లున్నాయి అత్తయ్యా, పొయ్యి మీద ఉడికించి పెడతాను, ఒక్క నిమిషం అని, క్లినిక్‌లో లాగా మోచేతుల దాకా కడుక్కుంది, గోళ్ళ సందులు కూడా, ఈసారి జిడ్డు వదిలింది, తడి ఆరిన వేలితో డాక్టరమ్మ నంబరు నొక్కుతూ, అవతల మోగుతుండగా, ఆమెకు అర్థమైంది, ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తనను ఎవరూ ఉడకనివ్వలేదు, ఎవరూ చల్లారనివ్వలేదు, గోరువెచ్చగా ఉంచారంతే, దీపం వెలుగుతోంది కదా అని మూత ఎత్తి చూసుకోనిది తనే.