ఎదుటి కొండ మీది వాకిలి

వేవా ఇల్లు మా ఇంటికి ఎదురుగా ఉంటుంది. ఎదురుగా అంటే ఎదుటి కొండ మీద. మధ్యలో లోయ. ఆవిడ తలకు కట్టుకున్న గుడ్డ రంగేమిటో మా వంటింటి గుమ్మంలోంచి చెప్పగలను. కోడిపెట్టలు ఎన్నో లెక్కపెట్టగలను. వెళ్ళాలంటే మాత్రం మా వైపు మలుపులన్నీ దిగి, వాగులో రాళ్ళు దాటి, అటు మళ్ళీ అంతా ఎక్కాలి. గంటన్నర. మా సాంతాంతావ్ దీవిలో దేవుడు కళ్ళకు ఒక దూరం, కాళ్ళకు ఒక దూరం పెట్టాడు. నాలాంటి దాన్ని ఏడిపించడానికే పెట్టాడని నా నమ్మకం.

ఎందుకంటే నా మొగుడు కిరినో మూడు వారాలుగా రోజు విడిచి రోజు ఆ వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

నాతో చెప్పేది వేరు. "అంబ్రోజు తాత చెరకు మడి గట్టు జారిందట, చూసొస్తా" అంటాడు. కిరినో రాతిగోడలు కట్టేవాడు. మా కొండల మీద మట్టి నిలవాలంటే గోడే దిక్కు కనుక అతనికి పనిలేని రోజుండదు. నేనూ నమ్మాను. సుత్తి భుజాన వేసుకుని దిగిపోయేవాడు, పొద్దెక్కేసరికి వేవా వాకిట్లో తేలేవాడు. రాయి మీద కూర్చుని, చేతిలో తెల్ల గ్లాసు. మొహం మాత్రం మా ఇంటివైపే. పెళ్ళాం చూస్తుందేమోనన్న భయమైనా లేదు!

వేవా మొగుడు పోయి నాలుగేళ్ళు. నాకంటే ఆరేళ్ళు చిన్నది. పొద్దుటెండ ముందు పడేది ఆవిడ వాకిట్లోనే, మాకు పదింటిదాకా కొండ నీడే. ఆవిడ మొక్కజొన్న మాకంటే వారం ముందు ఎండుతుంది. సూర్యుడే అటు మొగ్గుతుంటే మొగుణ్ణి అనేదేముంది అనుకుంటూ పళ్ళు నూరుకునేదాన్ని.

రెండుసార్లు పట్టుకుందామని పరుగెత్తాను. రెండుసార్లూ నేను వాగు దగ్గరికి చేరేసరికి అతను తీరిగ్గా ఎదురొచ్చాడు.

"ఎక్కడికే?"

"చేమదుంపలకి."

"బుట్టేదీ?"

చూడడానికి అంతా చూశాను, అందుకోవడానికి ఒక్కటీ అందలేదు.

ఒక రోజు రాత్రంతా తుంపర. పొద్దున్నే మెట్ల మీద జారి కిరినో మడమ బెణికించుకున్నాడు. ఇంట్లోనే పడుకున్నాడు. పక్కగదిలో నడవలేని మా అమ్మ. ఇదే సమయమనుకున్నాను. మొగుడు అడ్డం లేకుండా ఆవిడొక్కతే దొరుకుతుంది. ఈసారి బుట్ట కూడా పట్టుకున్నాను.

వాగు ఒడ్డున అంబ్రోజు తాత చెరకు నరుకుతున్నాడు.

"తాతా, మీ గట్టు బాగైందా?"

"నా గట్టుకేమొచ్చిందే? దుక్కలా ఉంది. నీ మొగుడు దాని మొహం చూసి ఏడాదైంది. అయినా అంత ఊపుగా ఎక్కడికి? ఎవర్ని కొట్టడానికి?"

గబగబా రాళ్ళు దాటేశాను. ఆ ఎక్కుడంతా తిట్లు పేర్చుకుంటూనే ఎక్కాను.

వేవా కాఫీ గింజలు ఆరబోస్తోంది. నన్ను చూసి నవ్వింది. "రా వదినా, కూర్చో. కాఫీ పెడతా."

"నా మొగుడికి పోసే కాఫీయేనా?"

"అదే. చక్కెర లేకుండా."

ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో మూడు చెంచాలు వేసుకుంటాడు! "కూర్చోడానికి రాలేదమ్మా. మూడు వారాల్నుంచి వాడు నీ దగ్గర ఏం చూస్తున్నాడో అడిగిపోదామని వచ్చా."

"నా దగ్గరేం చూళ్ళేదు వదినా. మీ ఇంటిని చూస్తున్నాడు. వెనక్కి తిరిగి నువ్వూ చూడు."

తిరిగాను. మా ఇల్లు నిలబడింది మా నాన్న కట్టిన గోడ మీద. నాలుగు నిలువుల గోడ, దాని కింద ఏమీ లేదు, లోయే. ఇంట్లోంచి చూస్తే పైవరస రాళ్ళు తప్ప కనిపించవు. ఇక్కణ్ణుంచి గోడ మొత్తం కనిపిస్తోంది. నెలలు నిండిన మనిషిలా పొట్ట ముందుకొచ్చి ఉంది. ఆ పొట్ట మీద అడ్డంగా సున్నపు గీత.

"నువ్వు చుట్టాల బాప్తిజానికి పోయిన రోజున తాడు కట్టుకుని దిగి గీశాడు" అంది వేవా. "అది వంగుతోందో లేదో ఇక్కణ్ణుంచే తెలుస్తుంది. ఈ వానలు గడిస్తే విప్పి కడదామనుకున్నాడు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"పోయినేడు చెప్పాడటగా."

చెప్పాడు. 'మీ నాన్న గోడ కాస్త పొట్ట తీసినట్టుందే' అన్నాడు. నేను రోకలి విసిరాను. చచ్చినవాడి పనికి వంకలు పెట్టే మొనగాడివా అని పది రోజులు అతనికిష్టమైన మొక్కజొన్న కచూపా వండి పెట్టలేదు.

"గోడ కంటే నువ్వంటేనే భయమన్నాడు" అంటూ నవ్వబోయి వేవా ఆగిపోయింది. కళ్ళు చికిలించి చూసింది. "వదినా, మొన్న ఇలా లేదు."

గీత మధ్యలో తెగిపోయి ఉంది. తెగినచోట రాళ్ళ సందుల్లోంచి బురద కారుతోంది.

వేవా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. "కదిలితే కేకెయ్యమన్నాడు."

ఆవిడ చెయ్యి పట్టి లాగేశాను. అమ్మ లోపలుంది, మొగుడు లోపలున్నాడు, అప్పుడు కూడా నాకు ఈర్ష్యే. "నా మొగుణ్ణి నేనే పిలుచుకుంటాలే!"

"కిరినో...! ఓ కిరినో...!"

కుంటుకుంటూ బయటికొచ్చాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు.

"ఏంటి వేవా? కదిలిందా?"

ఎంత మామూలుగా అడిగాడు! ఆ గొంతులో బెదురు లేదు. నాతో మాట్లాడేటప్పుడు ముందు ఒక్క క్షణం ఆగుతాడు చూడండి, ఆ ఆగడం లేదు.

"వేవా కాదు, నేను! దొమితీలని! మా నాన్న గోడ కూలిపోతోంది! అమ్మని బయటికి తీసుకురా!"

కింద చెరకు నరికేవాళ్ళ కత్తులు ఆగాయి. మా నాన్న గోడ సంగతి నా నోటితోనే లోయంతా విన్నది.

కిరినో మడమ మాటే మరిచి లోపలికి పరుగెత్తాడు. అమ్మను ఎత్తుకొచ్చి ఇంటి వెనక బండ మీద కూర్చోబెట్టాడు. ఆవిడ ఏదో తిడుతూనే ఉంది, చేతులు ఊగుతున్నాయి. తర్వాత గోడ పొట్ట పగిలింది. ముందు దుమ్ము కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది. వంటిల్లు పోయింది, ముందుగది పోయింది.

వేవా ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. అమ్మ బతికింది, మొగుడు బతికాడు, అతనికీ వేవాకీ మధ్య ఏమీ లేదనీ తేలిపోయింది. సంతోషించాలి. కానీ నా ఇల్లు కూలబోయే సంగతి నాతో చెప్పలేక ఒక కొండ దిగి, ఇంకో కొండెక్కి, ఆవిడతో చెప్పుకున్నాడు నా మొగుడు. ఆవిడ పక్కలో పడుకుని ఉంటే ఇద్దర్నీ తిట్టిపోసేదాన్ని. దీనికి ఎవర్ని తిట్టను?