పెద్ద తేడా లేదు

అక్షరాలు పెద్దయ్యాక దిద్దినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది, కథా నెమ్మదిగానే నడుస్తుంది. ఇందులో మాట్లాడేది మా కిటికీలో ఉన్న యంత్రం.

నేను ఒక సెన్సార్‌ని. రొయ్యల చెరువులో తేలుతూ, నీళ్ళలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలిచి, తీగ లేకుండానే గట్టు మీది పెట్టెకి కబురు పంపడం నా పని. ఆ పెట్టె ఫోను మోగిస్తుంది. హైదరాబాదులో ఒక అద్దె షెడ్డులో హరిణి అనే ఇంజనీరమ్మ నన్ను తయారుచేసింది. కైకలూరు దగ్గర దానియేలు, సువార్తమ్మ అనే మొగుడూ పెళ్ళాల కౌలు చెరువులో దించింది. వెనకటి పంటలు తెగులుకి పోయాయి. ఇదీ పోతే చెరువు వాళ్ళ చెయ్యి జారుతుంది.

కొలవడం నాకు తేలిక. చెప్పడానికే ప్రాణం ఖర్చవుతుంది. మొదట్లో కొలిచిందల్లా చెప్పేసి, బ్యాటరీ అయిపోయి మూగపోయేదాన్ని. దానియేలు గుండెల్లోతు నీళ్ళలో దిగి నన్ను మోసుకొచ్చేవాడు. చూసి చూసి హరిణి నాకు పొదుపు నేర్పింది. కొలిచిన ప్రతిసారీ ముందటి కొలతతో పోల్చుకోవాలి. పెద్ద తేడా ఉంటేనే నోరు విప్పాలి, లేకపోతే నిద్రపోవాలి.

"మా ఇంటిదానికి కూడా ఇలాంటిదొకటి బిగించమ్మా," అన్నాడు దానియేలు.

"బిగించమ్మా," అంది సువార్తమ్మ. "కూడు ఉడికిందో లేదో ఆ ఫోన్నే అడుగుతాడు."

అప్పటినుంచి నా బ్యాటరీ తరగలేదు. నీళ్ళు చిలికి గాలి కలిపే చక్రాలను నేను పిలిచినప్పుడే తిప్పేవారు. మనుషులకి మౌనమంటే ఎంత నమ్మకమో అప్పుడే చూశాను.

శ్రావణంలో ముసురు పట్టింది. ఎండ లేక ప్రాణవాయువు తగ్గసాగింది. కొంచెం తగ్గింది. ముందటి కొలతతో పోల్చుకున్నాను, పెద్ద తేడా లేదు. నిద్రపోయాను. లేచి చూస్తే ఇంకొంచెం తగ్గింది. అదీ పెద్ద తేడా కాదు.

"ఫోను మోగిందా?" గట్టు మీద సువార్తమ్మ అడిగింది.

"లేదే."

"అయితే బానే ఉందిలే. రా, అన్నం తిందువు గాని."

వాళ్ళు తిరిగొచ్చేసరికి రొయ్యలు తేలిపోయి గట్టువారన మూగాయి. చక్రాలు తిప్పారు. దానియేలు నీళ్ళలో దిగి చేతులతో చిలికాడు. కొంగలు దిగాయి.

హరిణి వచ్చి నన్ను విప్పి చూసింది. "అన్నీ సరిగ్గానే కొలిచింది బాబాయ్. ఏ ఒక్కసారీ పెద్దగా తగ్గలేదు, అందుకే చెప్పలేదు. తప్పు నాది. మొదట్లో ఎంత ఉండేదో దానితో పోల్చమనాల్సింది."

"కొంచెం కొంచెంగా పోతే పోయినట్టు కాదామ్మా?" అన్నాడు. ఆ పిల్ల ఏడ్చింది.

చెరువు పోయింది. నన్ను వాళ్ళింటి కిటికీలో పెట్టారు. అక్కణ్ణించి చూస్తూనే ఉన్నాను. దానియేలు ఒకరోజు ఒక ముద్ద తక్కువ తిన్నాడు. మర్నాడు ఇంకో ముద్ద. మాటా అలాగే తగ్గింది. ఏ రోజు చూసినా ముందు రోజుకీ దానికీ పెద్ద తేడా లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పిలవలేదు.

— దాసరి సువార్తమ్మ, అరవై మూడేళ్ళు. ఆయన పోయాక ఆకివీడులో, చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.