దేవుడి గూట్లో పంటి మూత

నేను ఒక చిన్న ప్లాస్టిక్ మూతను. మూడు పళ్ళ మీద సరిగ్గా కూర్చుంటాను, నడుమ ఒక కన్నం ఉంటుంది. చీరాలలో సన్నాయి రాఘవులుకు ముందు పన్ను ఊడిపోతే డాక్టరు దవడ ఎముకలో ఇంప్లాంటు అనే లోహపు వేరు దించి, దానిమీద ఒక దిమ్మను మరతో, అంటే చిన్న స్క్రూతో, బిగించి, పైన పింగాణీ పన్ను సిమెంటుతో అతికించాడు. అతికించేముందే నన్ను చేయించాడు. పన్ను కింద దాగిన మర ఎక్కడుందో చెప్పేది నా కన్నమే. "ఎప్పుడైనా మర వదులైతే ఇది కావాలి, జాగ్రత్తగా దాచండి" అని రాఘవులు భార్య తులశమ్మ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాచిందంటే దాచినట్టే. తిన్నగా దేవుడి గూట్లో పెట్టి, నాకూ బొట్టు పెట్టింది! మొదట్లో ఒళ్ళు మండింది. పనిముట్టుగా పుట్టినదాన్ని, నాకెందుకమ్మా ఈ పూజలు? పోనుపోను అలవాటైపోయింది. పొద్దున్నే కర్పూరం పొగ, ఆ పొగలో పక్కగదిలోంచి సన్నాయి. నిద్రో మెలకువో తెలియకుండా ఏళ్ళు గడిచాయి. ఆ పళ్ళ అచ్చు నా కడుపులో ఉంది కదా, ఆయన ఊదుతుంటే నేనే ఊదుతున్నట్టు కలలొచ్చేవి.

ఒకరోజు సన్నాయి వినపడలేదు. మర్నాడూ లేదు. పన్ను కదులుతోందట, ఊదితే స్వరం చీలిపోతోందట. మనవరాలి పెళ్ళేమో వారంలోకి వచ్చేసింది. పాత డాక్టరు ఊళ్ళో లేడు. కొత్త డాక్టరమ్మ నసీమా దగ్గర ఏం జరిగిందో తర్వాత తులశమ్మ దేవుడికి చెప్పుకుంటుంటే విన్నాను.

"తాతగారూ, లోపల మర వదులైంది. అదెక్కడుందో తెలియకుండా డ్రిల్లు పెడితే పన్ను పగలొచ్చు, దిమ్మ పాడవొచ్చు. అప్పుడిక పెళ్ళికి ఊదలేరు" అందట డాక్టరమ్మ.

"ఊరందరి పెళ్ళిళ్ళకీ ఊదిన నోరమ్మా ఇది. నా మనవరాలికి ఊదకపోతే ఎట్టా?" అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.

"అప్పట్లో మీకు కన్నమున్న మూతలాంటిది ఏమన్నా ఇచ్చారా?"

"అయ్యో నా తల్లీ, దానికి రోజూ బొట్టు పెడతన్నా గదా!" అంటూ తులశమ్మ ఆటో ఎక్కి ఇంటికొచ్చి, నన్ను కొంగున కట్టుకుపోయింది.

డాక్టరమ్మ నవ్వాపుకోలేక, కుంకుమ కడిగి, నన్ను ఆయన పళ్ళమీద కూర్చోబెట్టింది. ఎంత వెచ్చన! కలల్లో తిరిగిన ఇల్లే అది. అంతలో డ్రిల్లు నా కన్నంలోకి దిగింది. అమ్మో, ఒళ్ళంతా అదిరింది. ఇన్నేళ్ళ కర్పూరం వేడికి నేనేమన్నా వంకర పోయి ఉంటేనో? ఈ ముసలాయన పెళ్ళిపందిట్లో చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందేనా? తెల్లటి పొడి రాలింది. "దొరికింది" అంది డాక్టరమ్మ. మర విప్పి, పన్నును చెక్కుచెదరకుండా బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి పంటికి పడ్డ కన్నం పూడ్చింది.

నా పని అయిపోయింది, ఇక చెత్తబుట్టే గతి అనుకున్నాను. "ఇట్టా ఇయ్యమ్మా, దాని చోటు దానికుంది" అని తులశమ్మ చెయ్యి చాపింది.

పెళ్ళినాడు అందరూ కల్యాణమండపానికి బయల్దేరుతుంటే రాఘవులు సన్నాయి పట్టుకుని గూటి ముందు నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని ఊదాడు. స్వరం ఎక్కడా చీలలేదు. గుమ్మంలో తులశమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆయన ఊదింది దేవుడికే, నాకు తెలుసు. కానీ ఆ గాలికి దీపం ఊగింది, నా కన్నంలోంచి కూడా కాస్త గాలి దూరి పోయింది. ఈసారి కల కాదు. నేనూ మోగాను.