అరపావు ధైర్యం

కాలరు, భుజాలు, ఒక చెయ్యి, రెండో చెయ్యి, చివర్న వీపు. కామ్-ఛోయ్ చొక్కాను తిప్పి ఇస్త్రీపెట్టె మీట నొక్కగానే బుస్సున ఆవిరి లేచి కళ్లద్దాలను తెల్లగా మూసేసింది. ఆమె తుడుచుకోలేదు. అద్దాలు వాటంతటవే తేటపడేసరికి చొక్కా అయిపోతుంది. చేతికి దారి తెలుసు.

బట్టల ఫ్యాక్టరీలన్నీ సరిహద్దు దాటి వెళ్లిపోయిన కాలంలో ఆమె చొక్కాలు కుట్టడం మానేసి, ఈ లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చెయ్యడానికి చేరింది. అంటే ఉద్యోగం పెద్దగా మారలేదు, చొక్కా వయసు మారింది. మనిషి పొట్టి. బరువు మోసే కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారి ఉంటుంది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు టీ మరకల్లా ఉంటాయి. జుట్టు తనే కత్తిరించుకుంటుంది. ఆ సంగతి వెనకనుంచి చూస్తే తెలిసిపోతుంది.

ఆ ఆదివారం షామ్ షుయ్ పో వీధంతా పేపర్లో ఒకే పేజీ చదువుతోంది. వేసవి సెలవులు అయిపోయి షా టిన్ మైదానంలో గుర్రాలు మళ్లీ పరిగెత్తే మొదటి రోజు. ఎదురుగా చేపలమ్మే ఆవిడ ఆ పేజీని చేపకు చుట్టబోయి, ఆగి, సినిమాల పేజీ చించింది.

కామ్-ఛోయ్‌కి గుర్రాలంటే ఏ ప్రేమా లేదు. ఒక్కసారి దగ్గరగా చూసింది, వాసనొచ్చింది. అయినా ఈ రోజు కోసం వీధిలో ఆమెలాగా ఎదురుచూసినవాళ్లు లేరు.

ఆమె మొగుడు బింగ్-కాన్ వెదురు పరంజాలు కట్టిన మనిషి. కొత్త మేడల పక్కన గాల్లో నిలబడి, నడుముకు వేలాడే నైలాను పట్టీలు లాగి గడకు గడ ముడేసినవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, ముక్కుకు గొట్టంతో, లిఫ్టులేని మేడ ఐదో అంతస్తులో కిటికీ పక్క కుర్చీలో ఉంటాడు. గుర్రాలకు సెలవులిచ్చిన ఆ వేసవంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి పెడితే రెండు చెంచాలు. "ఏం కావాలయ్యా?" అంటే "ఇవాళ ఏ వారం?" అనేవాడు. ఏ వారమైతే ఏం, పందేలు లేవు. డాక్టరు ఊపిరితిత్తులే కారణమన్నాడు. కామ్-ఛోయ్ తలూపింది గానీ నమ్మలేదు. ఎదురుచూడ్డానికి ఏమీ లేనివాడు అన్నం మాత్రం ఎందుకు తింటాడు?

ఇవాళ అతను ఒక్క పందెమైనా వెయ్యాలి. ఆమెకు కావలసింది అంతే. గెలవక్కర్లేదు.

వెయ్యడానికి అడ్డం అతని ఒట్టు. పెళ్లైన కొత్తలో, ఇద్దరూ కలిసి నూడుల్స్ బండి పెట్టుకుందామని దాచిన డబ్బంతా ఒక బుధవారం ఒకే గుర్రం మీద పెట్టి వచ్చాడు. ఆమె అరవలేదు. వండింది, ఉతికింది, చలికాలం మొత్తం నోరు విప్పలేదు. చివరికి అతనే ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. సిగరెట్లు మానేసి ఆ డబ్బు ఇందులో వేస్తాను, ఆడితే ఇందులోంచే ఆడతాను, ఇంకే డబ్బూ ముట్టను, ఇది అయిపోయిన రోజు ఆట కూడా అయిపోయినట్టే అన్నాడు. ఆ మాట మీద ఇన్నేళ్లూ నిలబడ్డాడు.

ఆ డబ్బాకు లెక్క నేర్పింది హోయ్-లామ్, కామ్-ఛోయ్ తమ్ముడి కూతురు. ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. "ఏ గుర్రం గెలుస్తుందో ఇది చెప్పదు మామయ్యా. అది చెప్పే ప్రోగ్రాం రాయగలిగితే నేను ఆఫీసుకెందుకు పోతాను?" అని ముందే చెప్పింది. ఇది చెప్పేది ఒక్కటే: ఎంత వెయ్యాలో. గుర్రం గెలిచే అవకాశం ఎంతని నువ్వనుకుంటున్నావో చెప్పు, బయట రేటు ఎంతుందో చెప్పు, డబ్బాలో ఎంతుందో చెప్పు. నీ లెక్కకీ జనం లెక్కకీ తేడా లేకపోతే ఊరుకోమంటుంది. ఉంటే, ఆ తేడాని బట్టి డబ్బాలోంచి ఇంత వాటా తియ్యమంటుంది. అయితే ఆ వాటా మొత్తం వేస్తే గుండె ఆగుతుంది, ఎందుకంటే నీ అంచనాయే తప్పు కావచ్చు. అందుకని అందులో ఒక మీట కూడా పెట్టి దానికి 'ధైర్యం' అని పేరు రాసింది. నిండు, సగం, పావు, అరపావు.

బింగ్-కాన్‌కి ఆ మీట ఎంత నచ్చిందంటే, అది తనే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు. "కొత్తగా కట్టిన గడ మీద నిండు బరువు ఎవడేస్తాడే? ముందు ఒక కాలు పెడతాం." సగంలో పెట్టుకున్నాడు.

లెక్క ఎంత బాగున్నా గుర్రాలు దాన్ని చదవలేదు. డబ్బా తరిగింది. పందేల దుకాణంలో పది డాలర్లకు తక్కువ టికెట్టివ్వరు కాబట్టి, వాటా పదిలోపు వస్తే ప్రోగ్రాం 'ఈసారికి వద్దు' అని రాస్తుంది. నిరుడు చలికాలంలో ఆ మాట తరచుగా రావడం మొదలైంది. డబ్బాలో ఎంతుందో లెక్కబెట్టి ట్యాబ్‌లో కొట్టేది కామ్-ఛోయే. నాణేలు పేర్చబోతే అతని చేతులు వణుకుతాయి. ఒక ఆదివారం లెక్కబెట్టేముందు తన జీతంలోంచి కొంచెం తీసి డబ్బాలో వేసింది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది.

"అత్తా!"

హోయ్-లామ్ నోట్లో బన్నుతోనే లోపలికొచ్చి బట్టల మూటల మీద కూలబడింది.

"పొద్దున్నే మీ ఇంటికెళ్లొస్తున్నా. మామయ్య ట్యాబ్ బాగుచేశా. నీకిష్టమని పంపరపనస పెట్టొచ్చా."

"తిన్నాడా?"

"తిన్నాడు, నన్ను తిట్టాడు. బాగానే ఉన్నాడు. అత్తా, ఒకటడుగుతా గానీ ముందు ఆ పెట్టె కింద పెట్టు. చేతిలో వేడిది ఉండగా అడగను."

"అడుగు. చొక్కా కాలితే నీ జీతంలోంచి."

"చలికాలం నుంచి మామయ్య ఎన్ని గెలిచాడు?"

"ఒకటో, రెండో."

"ఒకటి. అదీ ఊరంతా వేసిన గుర్రం, టీ ఖర్చులొచ్చాయి. మరి డబ్బా తరగదేం? ఓడేవాడి డబ్బా నిండుగా ఉండటం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదత్తా. నా ప్రోగ్రాంలోనే తప్పుందేమోనని నిద్ర మానుకుని వెతికాను."

కామ్-ఛోయ్ చొక్కా తిప్పింది. "నీ ప్రోగ్రాం మంచిదేలే."

"తెలుసు. తప్పు నీలో ఉంది."

"మీ మామయ్యకు చెప్పకు."

"నేను చెప్పేదేముంది, ఆయనకెప్పుడో తెలుసు. ధైర్యం మీట ఎప్పుడైనా చూశావా నువ్వు?"

చూడలేదు. అంకె కొట్టి అతని చేతికివ్వడమే ఆమె పని.

"నువ్వు డబ్బు వెయ్యడం మొదలెట్టాక సగం నుంచి పావుకి దించాడు. నువ్వు ఇంకా వేశావు. ఇవాళ చూస్తే అరపావులో ఉంది. నువ్వేమో పైనుంచి పోస్తున్నావు, ఆయనేమో కింద కుళాయి కట్టేస్తున్నాడు. మధ్యలో లెక్కలు చూసి పిచ్చెక్కేది నాకు." హోయ్-లామ్ బన్ను ముక్క మింగి కాస్త నెమ్మదిగా అంది: "ఆయనకు నచ్చిన గుర్రం మీద ఇవాళ అరపావుకి ఏడు డాలర్లొస్తోంది."

"ఏడుకి టికెట్టివ్వరే."

"ఇవ్వరు."

"ఇంకో రెండొందలు వేస్తే?"

"అప్పుడూ పదికి రాదు. వచ్చినా లాభం లేదు. అరపావు కింద ఇంకోటి పెట్టవే అని పొద్దున నన్నే అడిగాడు."

పెట్టె చొక్కా వీపు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. కామ్-ఛోయ్ గబుక్కున ఎత్తి చూసింది. కాలలేదు.

*

మధ్యాహ్నం విరామంలో కాల్చిన పందిమాంసం, అన్నం పొట్లం పట్టుకుని ఐదు అంతస్తులూ ఎక్కింది. బింగ్-కాన్ బనీనుతో కిటికీ పక్కన కూర్చున్నాడు. భుజాలు మాత్రం ఇంకా పరంజా మనిషివే. వాటికింద ఒళ్లంతా, తాడుకు ఆరేసిన చొక్కాలా, ఖాళీగా వేలాడుతోంది. ఒళ్లో పేపరు, దానిమీద ట్యాబ్. పక్కన గాలి యంత్రం బుడబుడమంటోంది.

"ఆలస్యమైంది" అన్నాడు.

"మెట్లు పెరిగాయి. ఏమంటోంది నీ మెషీను?"

"వద్దంటోంది." ఇవాళ మబ్బేసింది అన్నంత తేలిగ్గా అన్నాడు. పేపర్లో ఒక పేరు చుట్టూ ఎర్రపెన్సిలు సున్నా ఉంది. "బంగారు పుట్టగొడుగు. ఏడో నంబరు. మంచి గుర్రమే, జనం కంట్లో పడలేదింకా. పోనీలే, ఈసారికి చూస్తాం అంతే."

"మంచిదైతే వెయ్యి."

"మెషీను వద్దంటుంటేనా?"

"నువ్వు చెప్పిందే అది తిరిగి చెబుతోంది. మీటెక్కడ పెట్టావు?"

అతను కిటికీలోంచి బయటకు చూశాడు. ఎదురు మేడకు ఎవరో పరంజా సగం కట్టి వదిలేశారు.

"ఆ పిల్ల చెప్పేసిందా."

"దాని నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ దానికెందుకు చూపించావు?"

"నేను ఒట్టేశానే. వేరే డబ్బు ముట్టనని."

"ముట్టలేదుగా. నేను వేశాను. వెయ్యనని నేనెప్పుడు ఒట్టేశాను?"

"అది నీ నడుం విరిగిన డబ్బు."

"నా నడుం, నా ఇష్టం." కామ్-ఛోయ్ పొట్లం విప్పి మాంసం చిన్నచిన్న ముక్కలుగా చెయ్యసాగింది. అతని వైపు చూడకుండానే అంది: "ఆ బుధవారం గుర్రం ఓడినందుకు కాదయ్యా నాకు కోపం. నన్నడగలేదు. అడిగితే తిట్టేదాన్ని. తిట్టి, సగమైనా ఇచ్చేదాన్ని."

"సగమా?"

"సగమే. మన పిల్ల ప్రోగ్రాం నాకప్పుడే వచ్చు."

బింగ్-కాన్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు చాలాసేపు తెరలుతెరలుగా వచ్చి, ఆమె వీపు రాస్తుంటే నెమ్మదించింది. కళ్లలో నీళ్లు తుడుచుకున్నాడు. అవి దగ్గువే అనుకోవచ్చు.

"ఇప్పుడడుగు" అంది.

"ఏమడగను?"

"అప్పుడు అడగాల్సింది."

ఇంత జీవితం కలిసి బతికాక అడగడం అంత సులువైన పని కాదు. అతను పేపరు సర్దాడు, గొట్టం సర్దాడు. గొంతు కూడా సర్దుకున్నాడు.

"బంగారు పుట్టగొడుగు మీద వేద్దామా?"

"ఎంత?"

"కొత్త గడ మీద నిండు బరువు వెయ్యకూడదే."

"ఇది కొత్త గడేం కాదు."

అతను ఆమెను చూశాడు. జారిన భుజాన్నీ, సొంతంగా కత్తిరించుకున్న జుట్టునీ, ముంజేతుల మీద టీ మరకల్నీ. తర్వాత వేలితో మీటను పావు దాటించి, సగం దాటించి, చివరిదాకా తోశాడు. ప్రోగ్రాం ఒక్క క్షణం ఆలోచించి, పదులకు సర్ది 'యాభై' అంది.

"బాబోయ్" అన్నాడు బింగ్-కాన్, ఆనందంగా.

అతను అన్నం తినడం ఆమె నిలబడి చూసింది. పొట్లంలో సగం తిన్నాడు. వేసవంతా కలిపి అంత తినలేదు.

*

పందేల దుకాణం బయట మగాళ్లు పేపర్లతో విసురుకుంటున్నారు. వాళ్లలో, బింగ్-కాన్‌తో ఒకప్పుడు గడలు మోసిన లుంగ్ ఆమెను చూసి కేకేశాడు.

"వదినా! మా అన్న కంప్యూటర్ ఇంకా బతికే ఉందా?"

"వేసవి గడిచింది. ఇక దానికేం ఢోకా లేదు."

"ఏమంటోంది మరి?"

"ఏడు."

"ఏడా? అది గుర్రమా, బల్లా? నాలుగు కాళ్లున్నాయని పరిగెత్తుతుందా?"

"నువ్వు వేసినవి పరిగెత్తి నిన్ను మేడల్లో కూర్చోబెట్టాయిగా. జరుగు."

లోపల చల్లగా ఉంది. స్లిప్పు మీద ఏడో గడిని నల్లగా నింపి, యాభై డాలర్లు ఇచ్చి, టికెట్టు జేబులో పెట్టుకుంది. లాండ్రీకి వెళ్లాల్సిన వేళ దాటింది. అయినా మేడవైపే నడిచింది. ఈ ఒక్క పరుగూ అతని పక్కన కూర్చుని వినాలనిపించింది.

మొదటి అంతస్తులో దర్జీ వాళ్ల టీవీలో గేట్లు తెరుచుకున్నాయి. రెండో అంతస్తులో పుట్టగొడుగు పేరే ఎవరూ ఎత్తలేదు. మూడో అంతస్తులో, తలుపు తెరిచిపెట్టుకుని కాళ్లకు నూనె రాసుకుంటున్న ముసలావిడ ఇంట్లో, గుర్రాలు మలుపు తిరిగాయి. అప్పుడు వినిపించింది ఆ పేరు, వెనకనుంచి, ఒకసారి. కామ్-ఛోయ్ రొప్పుతూ నాలుగో అంతస్తు కటకటాలు పట్టుకుని నిలబడింది. గోడలవతల ఎవరో బల్ల చరుస్తున్నారు. పుట్టగొడుగు, పుట్టగొడుగు, మళ్లీ పుట్టగొడుగు. మేడంతా ఒకేసారి అరిచింది. మిగిలిన మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు.

ఆమె తలుపు తీస్తుంటే లోపల రేడియోలో ఫలితం చెబుతున్నారు. ఏడో నంబరు రెండోది. ముక్కంత తేడా.

"రెండోదొచ్చిందయ్యా నీ పుట్టగొడుగు" అంది, చెప్పులు విడుస్తూ. "ఆ లుంగ్ మొహం చూడాలిప్పుడు, బల్లంట! యాభై పోతే పోయాయిలే. తర్వాతిది ఏది వేద్దాం? అడుగు."

అడగలేదు.

బింగ్-కాన్ తల కిటికీ చట్రానికి ఆనించి ఉంది, రేడియో వైపు చెవి వంచినట్టే. యంత్రం బుడబుడమంటూ ఇంకా గాలి పంపుతోంది. కామ్-ఛోయ్ దగ్గరకెళ్లి అతని మెడ దగ్గర చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. అతని ఒంట్లో వెచ్చదనం ఉంది, కదలిక లేదు. గొట్టాన్ని ముక్కునుంచి మెల్లగా తీసింది, చెవుల వెనక పడిన గీతలను బొటనవేలితో చదును చేసింది. యంత్రం ఆపేసింది. రేడియో మాత్రం ఆపబుద్ధి కాలేదు.

స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటే అప్పుడు కనిపించింది, కిటికీ గట్టు మీద గిన్నె. పొద్దున హోయ్-లామ్ తెచ్చిన పంపరపనస. అతనికి పడదు, మందులకు విరోధమని డాక్టరు ఎప్పుడో మాన్పించాడు. తొక్క తీసి, పైపొర ఒలిచి, తెల్లని పీచు పోగైనా మిగలకుండా లాగి, గులాబీరంగు తొనల్ని చితక్కుండా గిన్నెలో ఒకదానిమీద ఒకటి ఆనించి నిలబెట్టాడు. అన్నిటికంటే పైన ఆఖరి తొన ఒక్కటి సగం పొరలోనే ఉంది.