ఎగరని ఫ్యూజు

రిపేరుకని బయటివాణ్ణి గడప తొక్కనివ్వడు కాబట్టి వీధిలో ఆ పెద్దాయనకి ‘ఇంజనీరు’ అని పేరు పడింది. అది వెటకారమని తెలియక, ఆయన బిరుదనుకునేవాడు.

గీజరు నడుస్తుండగా ఇస్త్రీపెట్టె పెడితే చాలు, ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయేది. ఓ రోజు ఆయనకి ఒళ్లు మండింది.

“వెంట్రుకంత తీగ వేస్తే ఎగరక ఏం చేస్తుంది?” అంటూ ఫ్యూజులో దబ్బనమంత రాగి తీగ బిగించాడు.

“గోడలో ఉన్న తీగ దీనికంటే సన్నం కదండీ,” అంది భార్య.

“నాకు నేర్పుతావా?” అని గయ్యిమన్నాడు.

పంతం కొద్దీ గీజరు, ఇస్త్రీపెట్టె, మిక్సీ అన్నీ ఒక్కసారే వేయించాడు. ఫ్యూజు కిక్కురుమనలేదు. ఆయన మీసం మెలేస్తుండగానే వంటింటి గోడ నల్లబడింది, స్విచ్చుబోర్డు మైనంలా కరిగి కిందికి జారింది. భార్య పరుగున వెళ్లి మెయిన్ ఆపేసింది.

పొగలో దగ్గుతూనే ఆయన ఫ్యూజు ఊడబీకి చూపించాడు.

“చూశావా? చెక్కు చెదరలేదు!”

“ఎందుకు చెదురుతుంది లెండి?” అందావిడ. “దొంగలు ఇల్లంతా దోచుకుపోతుంటే గురకపెట్టి నిద్రపోయిన కుక్కకి దెబ్బలేం తగులుతాయి?”